కనకపుష్యరాగం, పసుపు టోపాజ్ ఒకటేనా?

కాదు, రెండూ పసుపురంగులోనే ఉన్నా కనకపుష్యరాగం, టోపాజ్ వేర్వేరు ఖనిజాలు. కనకపుష్యరాగం కురువిందం జాతిది, అంటే అల్యూమినియం ఆక్సైడ్. కెంపు, నీలం కూడా ఈ కుటుంబానివే. టోపాజ్‌లో అల్యూమినియంతో పాటు సిలికాన్, ఫ్లోరిన్ ఉంటాయి. మోస్ కొలమానంలో మొదటిదాని కాఠిన్యం 9, రెండోదానిది 8. టోపాజ్‌కి ఒక బలహీనత ఉంది: ఒక దిశలో గట్టి దెబ్బ తగిలితే నున్నగా చీలిపోతుంది. అందుకే ఉంగరంలో పొదిగేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి.

వక్రీభవన గుణకం, అంటే రాయిలోకి వెళ్లే కాంతి ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య, కనకపుష్యరాగానికి సుమారు 1.76, టోపాజ్‌కి 1.61 నుంచి 1.64 వరకు. కంటికి తేడా తెలియకపోయినా దీన్ని కొలిచే పరికరం రిఫ్రాక్టోమీటర్ ఇట్టే పట్టేస్తుంది. బరువూ చెబుతుంది: సాంద్రతలు దాదాపు 4.0, 3.5 కాబట్టి 4 క్యారెట్ల కనకపుష్యరాగం ఎంత ఉంటుందో, అదే సైజు, అదే ఆకారం ఉన్న టోపాజ్ సుమారు 3.5 క్యారెట్లే తూగుతుంది.

జ్యోతిషంలో గురుగ్రహానికి చెప్పే ప్రధాన రత్నం కనకపుష్యరాగం. టోపాజ్‌ని దాని బదులు వాడే ఉపరత్నంగా భావిస్తారు. ఇది సంప్రదాయం చెప్పే మాట, ప్రయోగంలో తేలింది కాదు.

పుష్యరాగం అంటే టోపాజ్ అని నిఘంటువుల్లో ఉండటం వల్లే ఈ గందరగోళం. గాజు మీద గీత పడితే అసలు కనకపుష్యరాగమే అనుకోవడం ఇంకో పొరపాటు. టోపాజ్ కూడా గాజును గీస్తుంది.