అచ్చుతప్పులు కాని తప్పులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పుస్తకాల గురించే. సైన్సు, చరిత్ర, తత్వం, సమాజం మీద మామూలు పాఠకులు చదవదగ్గవి ఏవి, ఎలా చదవాలి అని. ముందే చెప్పేస్తున్నాను, నేను పండితుణ్ణి కాను. ముప్పై రెండేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. జాతకాల దగ్గర్నుంచి జీవశాస్త్రం దాకా ఏది వస్తే అది చదవడం నా ఉద్యోగం. ఆ అలవాటుతోనే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. లెక్కలు రాసే ఉద్యోగం. నవలలు తప్ప ఏమీ చదవలేదు. మానవజాతి చరిత్ర మొత్తం చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి అందరూ మెచ్చుకుంటుంటే కొన్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ అరవయ్యో పేజీ దగ్గరే ఆగిపోయాను. నాకు బుర్ర తక్కువా?

జవాబు: మూడుసార్లు మొదలుపెట్టినవారికి బుర్రా తక్కువ కాదు, ఓపికా తక్కువ కాదు. అలాంటి పుస్తకాల్లో పేరాకి పదివేల ఏళ్లు దాటిపోతుంటాయి. ‘ఇది వీళ్లకెలా తెలిసింది’ అని ఆగి అడిగే సందు దొరకదు. మీరు రోజూ బిల్లు చూడకుండా పద్దు రాయరు కదా. ఇక్కడ బిల్లుల్లేకుండా పద్దులు చూపిస్తుంటే మీ చెయ్యి ఆగిపోయి ఉంటుంది.

సన్నటి పుస్తకంతో మొదలుపెట్టండి. నా ఓటు ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ‘కొవ్వొత్తి రసాయన చరిత్ర’కి. 1860 చివర క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం మొదలుపెట్టిన ఆరు ఉపన్యాసాలవి. మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చాయి. విషయమంతా ఒక్క కొవ్వొత్తే. మైనం కరిగి వత్తిలోకి ఎలా పాకుతుంది, మంట ఆ ఆకారంలోనే ఎందుకుంటుంది, మండాక మైనం ఎక్కడికి పోతుంది... ఇలా అడుగుతూ అడుగుతూ ఆరో రోజుకి మన ఊపిరి దగ్గరికి తీసుకొస్తాడు. ఒంట్లో జరిగేదీ ఒకరకం మండటమే అని అక్కడ అర్థమవుతుంది.

మొదటి ఉపన్యాసంలో ఒక ప్రయోగం ఉంది. కొవ్వొత్తి ఊదేయండి. వత్తి మీంచి తెల్లటి పొగ సన్నగా పైకి లేస్తుంది. వత్తికి రెండు మూడంగుళాల పైన ఆ పొగకి వెలిగించిన పుల్ల చూపించండి. మంట పొగ వెంట కిందికి పరుగెత్తి వత్తిని అంటుకుంటుంది. మండేది గట్టి మైనం కాదు, దాని ఆవిరి అని కంటికి కనిపిస్తుంది. ఇది చదివిన రాత్రే చేసి చూశాను. మూడుసార్లు కుదరలేదు. ఆవిరి చల్లారేలోపు త్వరగా చెయ్యాలని, గాలికి ఆ తీగ చెదిరిపోతుందని ఫారడే అక్కడే చెప్పాడు. నా తలపైన ఫ్యాను తిరుగుతోంది. ఆపాక నాలుగోసారి కుదిరింది.

ఈ ఫారడే బడి చదువు అంతంతమాత్రం. పద్నాలుగేళ్లకి పుస్తకాల బైండింగు దుకాణంలో చేరి ఏడేళ్లు పని నేర్చుకున్నాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలే చదివాడు. వాటిలో జేన్ మార్సెట్ అనే ఆవిడ మామూలువాళ్ల కోసం సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్రం ఒకటి. బైండింగువాడు అంత ఎత్తుకెదిగితే ప్రూఫులు దిద్దేవాళ్లకి ఏమొచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

తెలుగులోనే మొదలుపెట్టాలనుకుంటే నండూరి రామమోహనరావు ఉన్నారు. గ్రహాలూ నక్షత్రాలకి ‘విశ్వరూపం’, జీవపరిణామానికి ‘నరావతారం’, తత్వానికి ‘విశ్వదర్శనం’. రాసి చాలా ఏళ్లయింది కాబట్టి వాటిలో కొన్ని అంకెలు పాతబడ్డాయి. వాక్యం మాత్రం పాతబడలేదు.

ప్రశ్న: ఒక చరిత్ర పుస్తకం చదివి నమ్మేస్తాను. ఇంకొకటి దానికి పూర్తిగా ఎదురు చెబుతుంది, దాన్నీ నమ్మేస్తాను. ఎవరిది నిజం? చరిత్ర ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: నాకు జరిగిన పరాభవం ఒకటి చెబుతాను. పిల్లల కోసం వేసిన సాహసయాత్రల పుస్తకం ఒకటి మూడు దఫాలు ప్రూఫు చూశాను. భూమి బల్లపరుపుగా ఉందని అందరూ నమ్మే రోజుల్లో అది గుండ్రమని కొలంబస్ నిరూపించాడని అందులో ఒక వాక్యం. ఒత్తులు, దీర్ఘాలు, కామాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. టిక్కు పెట్టి పంపాను. పుస్తకం వచ్చిన నెలకి ఒక లెక్కల మాస్టారు కార్డు ముక్క రాశారు.

ఆయన రాసింది ఇదీ. కొలంబస్‌కి పదిహేడు వందల ఏళ్ల ముందే ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు రెండు ఊళ్లలో మధ్యాహ్నపు నీడల తేడా చూసి భూమి చుట్టుకొలత లెక్క కట్టాడు. 1492 నాటికి చదువుకున్నవాళ్లలో భూమి గుండ్రమా కాదా అన్న తగువే లేదు. తగువంతా దూరం గురించి. అందులో కొలంబస్‌దే తప్పు, భూమి నిజంగా ఉన్నదానికన్నా చాలా చిన్నదనుకున్నాడు. మధ్యలో ఒక ఖండం అడ్డు వచ్చింది కాబట్టి బతికిపోయాడు. బల్లపరుపు కథకి బాగా రెక్కలు తొడిగింది 1828లో వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన కొలంబస్ జీవితచరిత్ర. ఇర్వింగ్‌కి పేరు తెచ్చింది కథలు.

ఆ కార్డు చాలాకాలం దాచుకున్నాను. అచ్చుతప్పు కాని తప్పు ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అప్పట్నుంచి చరిత్ర పుస్తకం చేతికొస్తే ముందు వెనక పేజీలు తిప్పుతాను. ఆధారాలు ఎక్కడివి? అమెరికన్ జీవశాస్త్రవేత్త రేచల్ కార్సన్ 1962లో పురుగుమందుల మీద ‘సైలెంట్ స్ప్రింగ్’ రాసింది. మొదటి అధ్యాయం పక్షుల పాట వినిపించని ఒక ఊరి కథ. అలాంటి ఊరు నిజంగా లేదని ఆవిడే ఒప్పుకుంటుంది. కథ చెప్పి ఊరుకోలేదు, పుస్తకం చివర యాభైకి పైగా పేజీలు ఆధారాల జాబితాయే. రసాయనాల కంపెనీలు విరుచుకుపడినా పుస్తకం నిలబడటానికి ఆ పేజీలు కూడా కారణం. 1972లో అమెరికా డీడీటీ అనే పురుగుమందు వాడకాన్ని దాదాపుగా నిషేధించింది. అప్పటికి ఆవిడ పోయి ఎనిమిదేళ్లు. పురుగుమందులు అసలే వాడొద్దని నేననడం లేదని ఆ పుస్తకంలోనే స్పష్టంగా ఉంది. అయినా తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ కూడా అన్నీ మానెయ్యమందనే చెబుతుంటారు.

ఇక ఎదురు చెప్పుకునే పుస్తకాల సంగతి. ఇంగ్లీషు చరిత్రకారుడు ఇ. హెచ్. కార్ ‘చరిత్ర అంటే ఏమిటి?’ (1961) చదవండి, చిన్నదే. చరిత్రకారుడికి వాస్తవాలు అంగట్లో పరిచిన చేపల్లా దొరకవంటాడు. అవి సముద్రంలో ఈదుతుంటాయి. ఎవరికేం దొరుకుతుందన్నది కొంత అదృష్టం, చాలావరకు వాళ్లు ఎక్కడ వల వేశారు, ఏ వల వేశారన్నదాని మీద ఉంటుంది. అలాగని ఎవరి చేపలు వాళ్లవని కార్ వదిలెయ్యలేదు. మీ దగ్గరున్న రెండు పుస్తకాలూ సరిగ్గా ఏ వాక్యం దగ్గర విడిపోయాయో వెతకండి. చాలాసార్లు ఇద్దరూ ఒప్పుకునేవి పాతిక ఉంటాయి, తగువు ఒక్కదాని దగ్గరుంటుంది.

వల మాట వచ్చింది కాబట్టి డి. డి. కోశాంబిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన వృత్తి గణితం. నాణెం చేతులు మారేకొద్దీ అరిగి బరువు తగ్గుతుంది కదా అని, వేల పాత నాణేలని త్రాసులో తూచి, లెక్కలు వేసి, ఏవి ఎంతకాలం చలామణీలో ఉన్నాయో రాబట్టాడు. ‘భారతదేశ చరిత్ర అధ్యయనానికి ఒక పరిచయం’ (1956) అంత తేలిక పుస్తకం కాదు. ఆయన తేల్చిన వాటిలో కొన్నింటిని తర్వాతివాళ్లు ఒప్పుకోలేదు కూడా. కానీ ఒప్పుకోనివాళ్లు ఎక్కడ ఒప్పుకోవడం లేదో చెప్పడానికి వీలుగా తన త్రాసు మన ముందు పెట్టాడు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నానండీ. డార్విన్ ‘జాతుల పుట్టుక’ అసలు పుస్తకమే చదవాలా, ఎవరైనా తేలిగ్గా రాసింది చదివితే సరిపోతుందా?

జవాబు: వయసు తెలిసింది కాబట్టి నువ్వు అనేస్తున్నానమ్మా. అసలుదే చదువు, కానీ మొత్తం ఒకేసారి కాదు. 1859 నాటి మొదటి కూర్పు చూడు. పద్నాలుగు అధ్యాయాల్లో ఒకటి, మూడు, నాలుగు, ఆరు, చివరిది చాలు. మొదటి అధ్యాయంలో పావురాలుంటాయి. డార్విన్ వాటిని తనే పెంచాడు, లండన్‌లో రెండు పావురాల క్లబ్బుల్లో చేరాడు. మనుషులు ఏరి ఏరి జతకట్టిస్తే ఒకే రకం అడవి పావురం నుంచి ఇన్ని రకాలు వచ్చాయి కదా, మరి ఏరేవాడు లేకుండా ప్రకృతిలో ఇది జరగదా అని అక్కణ్నుంచి మెల్లగా లాక్కెళతాడు. పుస్తకం మొత్తానికి ఒక్కటే బొమ్మ. నాలుగో అధ్యాయంలో కొమ్మలు చీలుతూ పోయే గీతలు. ఆ బొమ్మ దగ్గర ఒక సాయంత్రం గడుపు.

ఆరో అధ్యాయం పేరే ‘సిద్ధాంతానికి ఎదురయ్యే చిక్కులు’. తన మీద రాబోయే అభ్యంతరాలని తనే ఎత్తుకున్నాడు. కన్ను లాంటి అవయవం సహజ ఎంపికతో తయారైందనడం పరమ అసంబద్ధంగా కనిపిస్తుందని ఒప్పుకుంటాడు. డార్విన్‌కే నమ్మకం లేదనేవాళ్లు అంతవరకే కత్తిరించి చూపిస్తారు. ఆ వెంటనే, అతి సాదా కన్ను నుంచి మెట్టుమెట్టుగా సంక్లిష్టమైన కన్ను దాకా ఎలా వెళ్లవచ్చో చెప్పాడన్న సంగతి వాళ్లు చెప్పరు. ప్రూఫుల్లో అయితే దాన్ని ‘లైను ఎగిరిపోయింది’ అనేవాళ్లం.

ఇంకొక మాట. ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిటెస్ట్’ (పరిస్థితులకి తగినదే నిలుస్తుందని) అన్న మాట నువ్వు చదివే మొదటి కూర్పులో కనిపించదు. కంగారు పడకు. అది ఇంగ్లీషు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడిన మాట, డార్విన్ 1869 నాటి ఐదో కూర్పులో చేర్చుకున్నాడు.

ప్రశ్న: తత్వశాస్త్రం పుస్తకం తెరిస్తే తల తిరుగుతోంది. ఎక్కడ పట్టుకోవాలి?

జవాబు: జర్మన్ తత్వవేత్త కాంట్‌ని మాత్రం ముందు పట్టుకోకండి. నేను పట్టుకుని మూడేళ్లు తత్వం జోలికే పోలేదు. బెర్ట్రండ్ రసెల్ ‘తత్వశాస్త్ర సమస్యలు’ 1912లో వచ్చింది, పదిహేను చిన్న అధ్యాయాలు. ఎదురుగా ఉన్న బల్ల రంగేమిటి అని మొదలుపెడతాడు. వెలుతురు మారితే రంగు మారుతుంది, మీరు కదిలితే ఆకారం మారుతుంది. మరి అసలు బల్ల ఏది?

అందులోనే ఒక కోడి వస్తుంది. రోజూ మేత వేసే చెయ్యే ఒకరోజు మెడ విరుస్తుంది. నిన్నటిదాకా జరిగింది కాబట్టి రేపూ జరుగుతుందనే నమ్మకానికి ఆధారమేమిటన్నది అక్కడ ప్రశ్న. మా ప్రెస్సులో ఇరవై ఏళ్లు ఒకటో తారీఖున తప్పకుండా వచ్చిన జీతం, కంప్యూటర్ కంపోజింగ్ వచ్చిన ఏడాది మూడు నెలలు రాలేదు. నాకు ఆ కోడే గుర్తొచ్చింది.

ఒక్క సాయంత్రంలో అయిపోయేది కావాలంటే సోక్రటీస్ విచారణ మీద ప్లేటో రాసిన ‘అపాలజీ’. క్రీ.పూ. 399లో డెబ్బై ఏళ్ల ముసలాయన కోర్టులో నిలబడి మాట్లాడతాడు. దోషి అని తేల్చాక, ముప్పై ఓట్లు అటునుంచి ఇటు వచ్చి ఉంటే బయటపడేవాణ్ణి, ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు అంటాడు. ఆ చోట నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది, తర్వాత రాదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఏ పుస్తకమైనా పది నిమిషాల వీడియోలో సారాంశం చూసేస్తే చాలంటాడు. వాడికేం చెప్పాలి?

జవాబు: ఏమీ చెప్పకండమ్మా, ఒక పుస్తకం చేతిలో పెట్టండి. అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’. 1936లో లాహోర్‌లో కులం పోవాలనే సంఘం జాత్-పాత్ తోడక్ మండల్ సభకి అధ్యక్షుడిగా రమ్మని పిలిచి, ప్రసంగం ముందే చదివి, కొన్ని భాగాలు తీసెయ్యమన్నారు. ఒక్క కామా కూడా మార్చనన్నాడాయన. (కామాల మీద బతికినవాణ్ణి, ఆ మాట విలువ నాకు తెలుసు.) సభ రద్దయింది, ఆయన సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించాడు. దాన్ని విమర్శిస్తూ గాంధీ ‘హరిజన్’ పత్రికలో రాశాడు. మరుసటి ఏడాది రెండో కూర్పులో అంబేడ్కర్ ఏం చేశాడో తెలుసా? గాంధీ విమర్శని తన పుస్తకంలోనే అచ్చు వేసి, పక్కన తన జవాబు పెట్టాడు. సారాంశం అయితే ‘కులం పోవాలన్నాడు’ అని ఒక్క వాక్యంలో తేలిపోతుంది. మీవాణ్ణి ఆ విమర్శా జవాబూ రెండే చదవమనండి. ఎవరి పక్షాన ఉన్నాడో మీతో వాదించమనండి. మీరు రెండో పక్షం తీసుకోండి.

ప్రశ్న: పుస్తకాల్లో గీతలు గీయడం తప్పా?

జవాబు: సొంత పుస్తకమైతే గీయండి, పెన్సిల్‌తో. పదేళ్ల తర్వాత చెరిపేసుకోవాల్సినవి కొన్ని తప్పకుండా ఉంటాయి. ఎరువు తెచ్చుకున్నదైతే కాగితం ముక్క మీద పేజీ నంబరు రాసుకోండి.

సవరణ: కిందటి సంచికలో ‘జాతుల పుట్టుక’ మొదటి ముద్రణ 1,250 ప్రతులనీ పాఠకులు ఒక్కరోజులో కొనేశారని రాశాను. తప్పు. అచ్చయినవి 1,250, కానీ వాటిలో కొన్ని రచయితకీ సమీక్షకులకీ పోయాయి. మిగిలినవాటికి ముందే ఆర్డర్లు ఇచ్చి ఎగరేసుకుపోయింది పుస్తక వ్యాపారులు. పాఠకుల చేతికి ఏ రోజు ఎన్ని చేరాయన్నది వేరే లెక్క. ఆ వాక్యంలో అచ్చుతప్పులు మాత్రం లేవు.