ఇన్వర్టర్, బ్యాటరీ, జనరేటర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది 900 వీఏ (వోల్ట్ ఆంపియర్) ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. మూడు ఫ్యాన్లు, ఐదు ఎల్ఈడీ బల్బులు, టీవీ బాగానే నడుస్తాయి. ఫ్రిజ్ 150 వాట్లే కదా అని దాన్నీ కలిపితే ఒక్కోసారి నడుస్తోంది, ఒక్కోసారి ఓవర్‌లోడ్ అని ఇన్వర్టర్ ఆగిపోతోంది. లోపం దేనిలో ఉంది?

జవాబు: రెండింటిలోనూ లేదు. మీరు లెక్క వేసింది ఫ్రిజ్ నడిచేటప్పటి కరెంటుకి. ఇన్వర్టర్ ఆగిపోతున్నది కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు.

900 వీఏ అంటే 900 వాట్లు కాదు. పవర్ ఫ్యాక్టర్ (వీఏలో వాట్లుగా పనికొచ్చే వంతు) 0.8 అనుకుంటే 720 వాట్లు. ఫ్యాన్లు ఒక్కోటి 75 చొప్పున 225, బల్బులు 45, టీవీ 80, మొత్తం 350. ఫ్రిజ్‌తో కలిపి 500. కాగితం మీద చోటుంది. కానీ మామూలు కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో, నడిచేటప్పటి కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. సెకనులోపే అయిపోయినా ఆ క్షణానికి దాదాపు 900 వీఏ దానికే కావాలి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, ఫ్యాన్లు తక్కువ తిరుగుతున్నప్పుడు ఎలాగో గట్టెక్కుతుంది. బ్యాటరీ కాస్త దిగితే వోల్టేజ్ పడిపోయి, కంప్రెసర్ మూలిగి ఆగుతుంది. పదేపదే ఇలా జరిగితే వైండింగ్ వేడెక్కి పాడవుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే లోపల మంచు కరిగించే హీటర్ కూడా ఉంటుంది. అది పనిచేసేటప్పుడు ఫ్రిజ్ లేబుల్ మీది 150 వాట్లను దాటొచ్చు.

ఫ్రిజ్ తప్పనిసరి అయితే 1500 వీఏకి తగ్గని ప్యూర్ సైన్ వేవ్ (లైన్ కరెంటులా నునుపైన తరంగం ఇచ్చే) ఇన్వర్టర్ తీసుకోండి. స్క్వేర్ వేవ్ (చతురస్రపు తరంగం ఇచ్చే) ఇన్వర్టర్ మీద కంప్రెసర్ నడిపించకండి, మోటారు వేడెక్కుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ (వేగం మార్చుకునే కంప్రెసర్) ఉన్న ఫ్రిజ్‌లు నెమ్మదిగా వేగం అందుకుంటాయి కాబట్టి ఈ బాధ చాలా తక్కువ.

అయితే అసలు అవసరమా? తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లోని పదార్థాలు 4 గంటల పాటు భద్రంగా ఉంటాయి. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. రెండు మూడు గంటల కోతకి ఫ్రిజ్‌ని ఇన్వర్టర్ మీద పెట్టడం బ్యాటరీకి శిక్ష.

ఎందుకంటే మీ బ్యాటరీ మీరనుకున్నంత ఇవ్వదు. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే 1800 వాట్ అవర్స్ అని లెక్క. కానీ సాధారణంగా ఆ 150 ఏహెచ్ 20 గంటల్లో నెమ్మదిగా వాడితే వచ్చేది, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున. 350 వాట్ల లోడుకి ఇన్వర్టర్ నష్టాలతో కలిపి సుమారు 34 ఆంపియర్లు లాగుతున్నారు. ఆ వేగంతో లాగితే కొత్త బ్యాటరీ అయినా సుమారు మూడు గంటలు. బ్యాకప్ పెరగాలంటే రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చండి. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ 30 వాట్ల చుట్టూనే తీసుకుంటుంది, మూడింటికి 130 వాట్ల దాకా మిగులుతుంది. వాటిని పాత రెగ్యులేటర్ మీద తిప్పకండి, నేరుగా స్విచ్‌కి కలపాలి.

ఇంకో మాట. ఫ్రిజ్ ఆగిన వెంటనే మళ్లీ వేయకండి. లోపలి గ్యాస్ ప్రెషర్ సర్దుకోవడానికి కనీసం 3 నుంచి 5 నిమిషాలు కావాలి.

ప్రశ్న: బ్యాటరీలో నీళ్లు ఎప్పుడు పోయాలి? ఫిల్టర్ నీళ్లు పోయొచ్చా?

జవాబు: డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఆర్‌ఓ నీళ్లలోనూ లవణాలు మిగులుతాయి, ప్లేట్ల మీద పని చేస్తాయి. యాసిడ్ ఎప్పుడూ కలపకండి. ఆవిరై పోయింది నీరే, యాసిడ్ లోపలే ఉంది. చార్జింగ్ పూర్తయ్యాక గరిష్ఠ గీత దాటకుండా పోయండి. ముందే నిండా పోస్తే చార్జ్ అయ్యేకొద్దీ మట్టం పెరిగి యాసిడ్ బయటికి పొంగుతుంది, టెర్మినళ్లు తెల్లగా పూస్తాయి. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందు పోసి, చార్జ్ చేశాక మిగతాది.

టెర్మినల్ శుభ్రం చేసేటప్పుడు ముందుగా ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ తీసి, మొదట నెగెటివ్ వైరు విప్పండి. బిగించేటప్పుడు అది చివరికి. స్పానర్ రెండు టెర్మినళ్లకీ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్లు పారతాయి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి బ్యాటరీని మూసిన అల్మరాలో, పొయ్యి దగ్గర పెట్టకండి.

ప్రశ్న: చిన్న పెట్రోల్ జనరేటర్ ఉంది. రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరుతో గోడ సాకెట్‌లో పెడితే ఇల్లంతా వస్తుందని ఒకరు చెప్పారు. మెయిన్ ఆపితే సరిపోతుందా?

జవాబు: వద్దే వద్దు. ఆ ప్లగ్ ఊడితే దాని పిన్నుల మీద 230 వోల్టులు బయటే ఉంటాయి. మెయిన్ ఆపడం ఒక్కసారి మరిచినా మీ కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురెక్కి, అటువైపు వేల వోల్టులుగా మారుతుంది. లైన్ ఆఫ్ అయిందనుకుని స్తంభం మీద పనిచేస్తున్న మనిషి ప్రాణం పోతుంది. కరెంటు తిరిగొస్తే జనరేటర్ కూడా కాలిపోతుంది. ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి మార్చే టూ పోల్ చేంజోవర్ స్విచ్ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి. అంతదాకా ఎక్స్‌టెన్షన్ వైరుతో కావలసిన పరికరాన్ని నేరుగా జనరేటర్‌కే కలపండి.

జనరేటర్ ఆరుబయటే, తలుపులు, కిటికీలకి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి. వరండా, గ్యారేజ్ బయటి కింద లెక్క కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, వికారం అనుకునేలోపే స్పృహ పోతుంది. పెట్రోల్ పోసే ముందు ఇంజన్ ఆపి చల్లారనివ్వండి.

ప్రశ్న: 1 హెచ్‌పీ పంపు మోటారు ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

జవాబు: ఇంట్లో వాడే మామూలు ఇన్వర్టర్‌తో కాదు. నడిచేటప్పుడే కిలోవాట్ చుట్టూ తీసుకుంటుంది, స్టార్టింగ్‌లో ఐదారు రెట్లు. కనీసం 3 కేవీఏ జనరేటర్ కావాలి. కరెంటున్నప్పుడే ట్యాంకు నింపుకోవడం చవక. గీజర్, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ సంగతి కూడా ఇంతే: స్టార్టింగ్ బాధ లేకపోయినా వేడి పుట్టించేవన్నీ బ్యాటరీని తాగేస్తాయి.

ప్రశ్న: ఇన్వర్టర్ బిగించిన రోజు నుంచి బెడ్‌రూమ్ ఫ్యాన్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోంది. ఫ్యాన్ మార్చినా అంతే.

జవాబు: న్యూట్రల్ చూడండి. ఆర్‌సీసీబీ తన గుండా వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమా అని పోలుస్తుంది. బిగించినవాళ్లు ఫేజ్‌ని మాత్రం ఇన్వర్టర్ నుంచి తెచ్చి, న్యూట్రల్‌ని పాత గది వైరుకే వదిలేసి ఉంటారు. ఫేజ్ ఒక దారిన వెళ్లి, న్యూట్రల్ ఇంకో ఆర్‌సీసీబీ గుండా తిరిగొస్తే తేడా కనిపించి ట్రిప్ అవుతుంది. ఇన్వర్టర్ లోడ్లకి విడిగా న్యూట్రల్ లాగించి ఇన్వర్టర్ దగ్గరికే తెప్పించండి. ఎవరైనా ఆర్‌సీసీబీ తీసేసి నేరుగా కలుపుతామంటే ఒప్పుకోకండి.