‘యు వర్ సపోజ్డ్ టు...’ అని మేనేజరు మెసేజ్ పెడితే దాని అర్థం ఏమిటి? ఇది పాసివ్ వాయిసేనా?

మీ మేనేజరు చాట్‌లో ‘యు వర్ సపోజ్డ్ టు సెండ్ ద రిపోర్ట్ ఆన్ ఫ్రైడే’ అని పెట్టాడన్నారు. డిక్షనరీ చూస్తే ‘సపోజ్’ అంటే ‘ఊహించు’ అని ఉంది, కాబట్టి ‘నువ్వు పంపుతావని ఊహించబడింది’ అనుకోవాలా, ఇది పాసివ్ వాయిసేనా, మామూలు మాటల్లో దీన్ని ఎలా వాడతారు అని అడిగారు.

పాసివ్ వాయిసే. కానీ ఆ సంగతి తెలిసినందువల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నాకు పదో తరగతిలోనే తెలుసు. యాక్టివ్ నుంచి పాసివ్‌కి, పాసివ్ నుంచి యాక్టివ్‌కి ఎన్ని వాక్యాలు మార్చమన్నా తప్పు లేకుండా మార్చేవాణ్ణి. అయినా ఈ ఒక్క మాట దగ్గర నా మొదటి ఉద్యోగం పోయినంత పనైంది.

2011 ఆగస్టు. మాది తెనాలి దగ్గర పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం. మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరి ఏడు నెలలైంది. నైట్ షిఫ్ట్. బ్రిటన్‌లోని ఒక సూపర్‌మార్కెట్ల సంస్థకి రాత్రిపూట నడిచే ప్రోగ్రాములన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసుకోవడం మా పని. వాటిలో ముఖ్యమైనది ధరల ఫైలు. వాళ్ళ టైము ప్రకారం రాత్రి రెండింటికి అది అన్ని షాపులకీ వెళ్ళాలి. అది వెళ్తేనే పొద్దున బిల్లింగ్ కౌంటర్లలో కొత్త ధరలు పడతాయి. ఎండాకాలం వాళ్ళ రెండు గంటలంటే మనకి ఉదయం ఆరున్నర.

ఆ రోజు ఆరూ యాభైకి ఫోన్ మోగింది. అవతల వాళ్ళ డ్యూటీలో ఉన్నావిడ. ‘ద ప్రైస్ ఫైల్ వాజ్ సపోజ్డ్ టు గో అవుట్ ఎట్ టూ’ అంది.

ఇక్కడ ఉచ్చారణ సంగతి ఒకటి చెప్పాలి. పుస్తకంలో ఉన్నట్టు ‘సపోజ్డ్ టు’ అని విడివిడిగా ఎవరూ పలకరు. ‘జ్డ్’ అన్నది ‘స్’ అయిపోతుంది, ముందున్న ‘స’ సగం మింగేస్తారు, మొత్తం కలిసి ‘స్పోస్టు’ అవుతుంది. ఫోన్ లైన్లో నాకు వినబడింది ‘వాజ్ పోస్టు గో అవుట్ ఎట్ టూ’. ఏదో పోస్ట్ చెయ్యాలంటోంది, రెండింటికి వెళ్ళాలంటోంది, టైము గుర్తు చేస్తోంది అనుకున్నాను.

‘యస్, ఎట్ టూ’ అన్నాను.

ఒక్క క్షణం ఆగింది. ‘ఓకే... సో ఇట్స్ ఫైన్?’

‘యస్, ఫైన్.’

‘లవ్లీ, థాంక్స్’ అని పెట్టేసింది.

షిఫ్ట్ నోట్‌బుక్‌లో ‘ప్రైస్ ఫైల్ – పోస్ట్ – 2 గంటలకు’ అని రాసి, పగలు షిఫ్ట్ వాళ్ళకి అప్పజెప్పి అమీర్‌పేటలో రూముకెళ్ళి పడుకున్నాను. వాళ్ళు ఆ రెండుని మన మధ్యాహ్నం రెండు అనుకున్నారు. ఫైలేమో రాత్రి నుంచీ ఎక్కడిదక్కడే ఆగిపోయి ఉంది. మన ఒంటిగంటన్నరకి అక్కడ షాపులు తెరిచారు. ఆ రోజు నుంచే కొత్త ఆఫర్లు. అరల మీద అంటించిన కాగితం మీద ఒక ధర, కౌంటర్లో ఇంకో ధర. ఫోన్ల మీద ఫోన్లు. నన్ను నిద్రలేపి ఆఫీసుకి రమ్మన్నారు.

మా టీం లీడ్‌ది వరంగల్. కేకలు వేయలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, రికార్డయిన ఆ కాల్ వినిపించాడు. మొదటిసారి నాకు తప్పేమీ కనబడలేదు. రెండోసారీ అంతే. ‘అన్నా, రెండింటికి వెళ్ళాలంది, నేను అవునన్నాను’ అన్నాను. మూడోసారి ఆ ఒక్క వాక్యం దగ్గర ఆపి, ‘తమ్మీ, ఆమె ఏమంటున్నదో తెలుగుల చెప్త ఇను. లెక్క ప్రకారం ఫైలు రెండింటికి పోవాల్సుండె. పోవాల్సుండె అంటే పోయినట్టా, పోనట్టా?’ అన్నాడు.

పోనట్టు! ఒళ్ళు చల్లబడింది. ఆవిడ టైము గుర్తు చేయలేదు. ఫైలు వెళ్ళలేదు, చూడు అని చెప్పింది. ఆ వాక్యంలో ఎక్కడా ‘నాట్’ లేదు, ‘ఫెయిల్’ లేదు, ‘ప్రాబ్లమ్’ లేదు. అయినా మొత్తం సమస్య అందులోనే ఉంది. వాజ్, వర్ పక్కన ‘సపోజ్డ్ టు’ వచ్చిందంటే, జరగాల్సింది జరగలేదని లెక్క. దాదాపు ప్రతిసారీ ఇంతే. మా వైపు ‘వెళ్ళాల్సింది’ అంటాం, ఆయన ‘పోవాల్సుండె’ అన్నాడు. ఏ జిల్లాలో అయినా ‘బస్సు ఆరింటికి రావాల్సింది’ అని ఎవరైనా అంటే, బస్సు రాలేదని పక్కవాడికి వివరించి చెప్పక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ నా నోట్లో ఉన్న మాట అది. దానికీ దీనికీ ముడి పెట్టినవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు.

నా బాధంతా అక్కడే. మాకు పాసివ్ వాయిస్ ఎలా చెప్పారో గుర్తు చేసుకోండి. మీకూ అలాగే చెప్పి ఉంటారు. ‘రాముడు రావణుని చంపెను. రావణుడు రామునిచే చంపబడెను.’ ఈ రెండో వాక్యం తెలుగునాట ఏ ఇంట్లో, ఏ అరుగు మీద ఎవరి నోట విన్నారు? రావణుడి గురించే మాట్లాడాలంటే ‘రావణుణ్ణి చంపింది రాముడే’ అంటాం. మాటల వరుస మార్చుకుంటే మనకి పని జరిగిపోతుంది, ‘బడు’తో అవసరం లేదు. గేటుకి కట్టిన బోర్డు మీద మాత్రం ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని ఉంటుంది. ఆ బోర్డు చూసొచ్చినవాడు ఇంట్లో చెప్పేటప్పుడు ‘ఫలానా వీధిలో ఇల్లు అద్దెకిస్తారట’ అంటాడు. ఇంగ్లిష్ పాసివ్‌ని ఈ బోర్డు తెలుగులోకి మార్చి నేర్పినంత కాలం పిల్లలకి అది వ్యాకరణం ప్రశ్నగానే మిగిలిపోతుంది, మాటగా అందదు.

మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. వాళ్ళ స్కూల్లో తెలుగులో మాట్లాడితే పది రూపాయలు ఫైన్ వేసేవాళ్ళు. అంత చేసీ, ఆ పిల్ల ఇవాళ్టికీ ‘ఐ బార్న్ ఇన్ గుంటూరు’ అంటుంది. ‘ఐ వాజ్ బార్న్’ అన్నది కూడా పాసివే. తల్లి నన్ను కన్నది, నేను తల్లి చేత ‘కన’బడ్డాను అన్న లెక్కలో పుట్టిన మాట. మనకి పుట్టడం అంటే మనం చేసే పనే, ‘పుట్టాను’ అంటాం, అందుకే ఆ ‘వాజ్’ జారిపోతుంది. తెలుగులో ఇలా, ఇంగ్లిష్‌లో అలా అని పక్కపక్కన పెట్టి అయిదు నిమిషాలు చెబితే జన్మలో మర్చిపోదు. తెలుగు నోటెంట వస్తే ఫైన్ వేసే చోట ఆ అయిదు నిమిషాలు ఎవరు కేటాయిస్తారు?

మీ ప్రశ్నకి వస్తాను. ‘సపోజ్’ 14వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట, దాని మూలం లాటిన్‌లో ‘కింద పెట్టడం’. ‘ఊహించు’ అనేది దాని ఒక అర్థం మాత్రమే. ‘బి సపోజ్డ్ టు’ అన్నప్పుడు ఆ ఊహ దాదాపు అరిగిపోయింది. ఎవరు ఊహించారు అని ఎవరూ అడగరు. దానికి తెలుగులో సరైన జోడీ మా వరంగల్ అన్న వాడిన మాటే: లెక్క ప్రకారం. ఆ లెక్క ఒక రూలు కావచ్చు, ఒప్పుకున్న మాట కావచ్చు, వాతావరణ శాఖ చెప్పింది కావచ్చు, పదిమందీ అనుకునేది కావచ్చు. లెక్క ఉందని చెబుతారు తప్ప ఎవరిదో చెప్పరు. పాసివ్ వల్ల ఇంగ్లిష్‌వాళ్ళకి కలిసొచ్చింది అదే.

‘ఐయామ్ సపోజ్డ్ టు బి ఇన్ హైదరాబాద్ టుడే’ అంటే ‘అసలైతే నేనివాళ హైదరాబాద్‌లో ఉండాలి’. ఆ ‘అసలైతే’ని పట్టుకోండి. అది ఎక్కడ సహజంగా పడుతుందో అక్కడ ‘సపోజ్డ్ టు’ పడుతుంది. ‘ఇట్స్ సపోజ్డ్ టు రెయిన్’ అంటే వాన పడుతుందట. ‘ద బిర్యానీ హియర్ ఈజ్ సపోజ్డ్ టు బి గుడ్’ అంటే ఇక్కడ బిర్యానీ బాగుంటుందట, అన్నవాడు ఇంకా తినలేదు. మనం ఒక్క ‘ట’తో చెప్పేదానికి వాళ్ళకి ఇన్ని మాటలు కావాలి. ఇదే చోట బ్రిటన్‌లో ‘మెంట్ టు’ కూడా బాగా వాడతారు, ‘ఇట్స్ మెంట్ టు బి గుడ్’ అని. విని కంగారుపడకండి, అదీ ఇదీ ఒకటే.

‘నాట్’ చేరితే మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 2013లో అయిదు నెలలు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉన్నాను. అక్కడ చెత్తకి రంగురంగుల డబ్బాలు, ఏ ఊరి కౌన్సిల్ రూలు ఆ ఊరిది. ఒకరోజు నేను డబ్బాలో సంచీ పడేస్తుంటే పక్కింటి పెద్దావిడ చాలా మెత్తగా ‘యు ఆర్ నాట్ సపోజ్డ్ టు పుట్ దట్ ఇన్ దేర్, మి డక్’ అంది. ఆ ప్రాంతంలో ‘మి డక్’ అంటే మనం ‘నాయనా’ అన్నట్టు. రెండేళ్ళ కిందటైతే ‘నువ్వు వేస్తావనుకోలేదు’ అంటోందని నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ ‘నాట్ సపోజ్డ్ టు’ అంటే ‘కూడదు’. ‘అందులో వేయకూడదు నాయనా’ అంది. డోంట్ అంటే ఆవిడ నన్ను ఆపినట్టు అవుతుంది. ఇలా అంటే రూలే ఆపినట్టు. గుళ్ళోకి చెప్పులతో వచ్చినవాడికి మన పెద్దవాళ్ళు ‘చెప్పులతో రాకూడదయ్యా’ అంటారు చూడండి, అందులో ‘నేను’ ఉండదు, అదే మర్యాద. సంచీ బయటికి తీసి ఆవిడ చూపించిన డబ్బాలో వేశాను.

కోపంలో వాడేవి రెండున్నాయి, వాటికి మాట మాటగా అర్థం చెప్పుకుంటే దెబ్బతింటారు. ‘వాట్స్ దట్ సపోజ్డ్ టు మీన్?’ అంటే అర్థం అడగడం కాదు, ‘అంటే ఏంటి నీ ఉద్దేశం?’ అని నిలదీయడం. ‘హౌ యామ్ ఐ సపోజ్డ్ టు నో?’ అంటే ‘నాకెలా తెలుస్తుంది?’ దానికి ఎవరూ జవాబు చెప్పరు.

ఇంకొకటి, మీ మెసేజ్‌కి అసలు కీలకం ఇదే. ‘యు షుడ్ హావ్ సెంట్ ఇట్’ అని ఉంటే, ‘పంపి ఉండాల్సింది, పంపితే బాగుండేది’ అని ఆయన తన అభిప్రాయం చెప్పినట్టు. ‘యు వర్ సపోజ్డ్ టు సెండ్ ఇట్’ అన్నప్పుడు వెనకాల ఒక ఒప్పందం ఉంది. మీరు ఒప్పుకున్నారు, లేదా మీకు అప్పగించారు. తెలుగులో ఆయన ‘పంపాల్సింది’ అని కూడా అనడు, ‘శుక్రవారం పంపిస్తానన్నావుగా!’ అంటాడు. ఆ ‘అన్నావుగా’లో ఎంత బరువుందో మీకు తెలుసు. ఆ బరువంతా ఆయన మెసేజ్‌లో ఉంది. దాన్ని ‘ఊహించబడింది’ అని చదువుకుంటే ఏమీ మిగలదు.

రాసేటప్పుడు ‘సపోజ్’ చివర ‘డి’ తప్పకుండా పెట్టండి. పలుకుబడిలో వినబడదు కాబట్టి ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్ళే చాలామంది ‘సపోజ్ టు’ అని రాసేస్తుంటారు, అది తప్పు.

కాబట్టి మీరు జవాబుగా ‘యస్’ అని మాత్రం పెట్టకండి. ఆ రోజు నేను చేసింది అదే. ‘సారీ, ఐ మిస్డ్ ఇట్. సెండింగ్ ఇట్ బై ట్వెల్వ్’ అని పెట్టి, పన్నెండు లోపల ఆ రిపోర్టు పంపించండి. ఇప్పటికే పంపేసి ఉంటే ‘ఐ సెంట్ ఇట్ ఆన్ ఫ్రైడే, ప్లీజ్ చెక్’ అనండి, ఎందుకంటే అది తనకి అందలేదనే ఆయన చెబుతున్నాడు.