కారు డైనమో సొంతంగా మార్చుకుంటే నిజంగా మిగిలేదెంత?

ప్రశ్న: మాది కడప. రాయచోటి దగ్గర స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను, జీతం చేతికి 62,000 వస్తుంది. 2014 మోడల్ పెట్రోల్ కారులో రోజూ వెళ్లొస్తాను. మరో ఇద్దరు టీచర్లు నాతోనే వచ్చి పెట్రోలుకు వాటా ఇస్తారు. పోయిన వారం చీకటి పడ్డాక తిరిగి వస్తుంటే గువ్వలచెరువు ఘాట్‌లో హెడ్‌లైట్లు మసకబారాయి, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగింది, కాసేపటికి బండి ఆగిపోయింది. ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే డైనమో) మార్చాలని సర్వీస్ సెంటర్ వాళ్లు 17,800 చెప్పారు, అందులో లేబర్ 1,900. పాతది ఇచ్చేస్తే రీకండిషన్ చేసినది 6,500కు వేస్తామని, ఆరు నెలల గ్యారంటీ అని ఒక షాపులో అన్నారు. మా వీధి చివర ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ మాత్రం 'విప్పి చూస్తే గానీ చెప్పలేం సార్, లోపల అరిగే కార్బన్ ముక్కలయితే 2,400లో అయిపోతుంది' అంటున్నాడు. ఆన్‌లైన్‌లో కొత్తది 12,600కు దొరుకుతోంది. వీడియోలు చూశాను, నేనే బిగించుకోగలనన్న నమ్మకం ఉంది. పనిముట్లకు 4,200 అవుతుంది. ఆల్టర్నేటర్ వరకు క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల ఈఎంఐ పెట్టుకోవాలా, 50,000 ఎఫ్‌డీ తీసేయాలా? మా ఆవిడ మాత్రం మెకానిక్‌కే ఇచ్చేయమంటోంది.

జవాబు: సార్, ముందు మీ లెక్కే వేద్దాం. కొత్త ఆల్టర్నేటర్ 12,600, పనిముట్లు 4,200, మొత్తం 16,800. సర్వీస్ సెంటర్ చెప్పింది 17,800. అంటే ఒక ఆదివారమంతా బండి కింద పడుకుంటే మిగిలేది వెయ్యి రూపాయలు.

ఇక ఈఎంఐ. 12,600ను ఏడాదికి 15 శాతం వడ్డీతో ఆరు నెలలు కడితే వడ్డీ దాదాపు 557 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ 100. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. మొత్తం 890 పైచిలుకు. ఆ వెయ్యిలో ఇది పోతే మిగిలేది నూట పది రూపాయలు. దాంతో గువ్వలచెరువులో ఆగి కాస్త పాలకోవా కొనుక్కోవచ్చు, అంతే. మీ కార్డు వడ్డీ, ఫీజు వేరుగా ఉండొచ్చు కానీ లెక్క తీరు ఇదే. 'నో కాస్ట్ ఈఎంఐ' అని రాసి ఉన్నా ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఎక్కడ పడతాయో చూసుకోండి.

పనిముట్లు ఎప్పటికీ ఉంటాయి కదా అంటారు. నిజమే. కానీ ఈ కారుకు మళ్లీ ఎన్నిసార్లు డైనమో మారుస్తారు? సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. మీది 2029లో అయిపోతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించుకుని రెన్యూవల్‌కు వెళ్లాలి. అప్పటిదాకా నడిపి మార్చేసే ఆలోచన ఉంటే ఈ బండికి సరికొత్త ఆల్టర్నేటర్ అవసరమా అన్నది అసలు ప్రశ్న. ఒకవేళ కొత్తదే కావాలనుకున్నా, మీరు కొనుక్కొచ్చి ఇస్తే వీధి చివరి ఎలక్ట్రీషియన్ ఎనిమిది వందలకో వెయ్యికో బిగిస్తాడేమో అడగండి. ఒప్పుకుంటే 13,600 లోపే తేలిపోతుంది. డబ్బు మిగిలేది పానా ఎవరు పట్టుకున్నారన్న దగ్గర కాదు, ఏం కొన్నామన్న దగ్గర.

నిజానికి వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆల్టర్నేటరే పోయిందని మీకు ఎవరు తేల్చారు? ఇది నేను దెబ్బతిని అడుగుతున్న మాట. నాలుగేళ్ల కిందట నా పాత బండికి సెల్ఫ్ పడకపోతే, షాపు కుర్రాడు బానెట్ ఎత్తీ ఎత్తకముందే 'బ్యాటరీ పోయింది సార్' అన్నాడు. 5,200 పెట్టి కొత్తది వేయించాను. మూడో రోజు మైదుకూరు దాటాక ఆ కొత్త బ్యాటరీ కూడా చచ్చిపోయింది. తప్పు డైనమోలో ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ది. బ్యాటరీని నింపేవాడే లేకపోతే కొత్త బ్యాటరీ మాత్రం ఏం చేస్తుంది? బ్యాంకు ఖాతాలో జీతం పడటం ఆగినట్టే, ఉన్నంత వరకు నడిచి ఆగిపోతుంది.

అందుకని 4,200 పనిముట్లు పక్కన పెట్టి, నాలుగైదు వందల్లో దొరికే మల్టీమీటర్ ఒకటి కొనండి. డీసీ 20 ఓల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు ఆనించండి. ఉదయం బండి స్టార్ట్ చేయకముందు 12.4 నుంచి 12.6 దాకా ఉంటే బ్యాటరీలో చార్జింగ్ ఉన్నట్టు. స్టార్ట్ చేశాక 13.8కీ 14.5కీ మధ్యకు ఎక్కాలి. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసి మళ్లీ చూడండి. కొంచెం దిగినా 13 పైన గట్టిగా నిలబడాలి. ఇంజన్ నడుస్తున్నా 12లోనే ఉండి మెల్లగా దిగిపోతుంటే చార్జింగ్ లేదు. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పినట్టు, అది బ్యాటరీని ఉడికించేస్తుంది.

చార్జింగ్ లేదని తేలినా వెంటనే డైనమో మీద నేరం మోపొద్దు. ఇంజన్ ఆపి బెల్టు చూడండి. పగుళ్లున్నాయా, నున్నగా మెరుస్తోందా, బొటనవేలితో నొక్కితే మరీ వదులుగా లోపలికి పోతోందా? బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొక్కులా పేరుకుంటే అదీ ఒక కారణమే. డైనమో వెనక లావు వైరు కాలినట్టు నల్లబడిందేమో కూడా చూడండి. ఇవన్నీ వందల్లో పోయే పనులు. ఒక్క జాగ్రత్త. అంబాసిడర్ కాలంనాటి చిట్కా ఒకటి మీకు ఎవరో ఒకరు చెబుతారు, బండి నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడమని. అది చేయొద్దు. ఓల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పోతే మీ 17,800 చిల్లరలా కనిపిస్తుంది.

తప్పు డైనమోదే అయితే మీ ఎలక్ట్రీషియన్ మాటే నాకు నచ్చింది. 'విప్పి చూస్తే గానీ చెప్పలేం' అన్నవాడు నిజాయితీగా అన్నాడు. డైనమో లోపల ముందు అరిగేవి కార్బన్లు, బేరింగులు. తర్వాత రెగ్యులేటర్, కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే డయోడ్ ప్లేట్ పోతుంటాయి. వీటిని విడిగా మార్చుకోవచ్చు. కాయిల్ కాలిపోతే వేరే సంగతి, అప్పుడు 6,500 ఎక్స్ఛేంజ్ వైపు వెళ్లండి. గ్యారంటీ బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట వద్దు. మీ ఎదుటే విప్పమనండి, పాత కార్బన్లు మీ చేతికి ఇవ్వమనండి. గోరంత మిగిలిన కార్బన్ ముక్క చూస్తే మీకే అర్థమవుతుంది.

అయినా సొంతంగా చేయాలనే సరదా ఉంటే కాదనను. నాకూ స్కూటరు విప్పే పిచ్చి ఉంది. అయితే దాన్ని పొదుపు కింద రాయకండి, సరదా ఖర్చు కింద రాయండి. వరుసగా రెండు సెలవులు వచ్చినప్పుడు మొదటి రోజు పెట్టుకోండి. ఒక బోల్టు తుప్పు పట్టి రాకపోతే సోమవారం ముగ్గురు టీచర్లు బస్టాండులో నిలబడాలి. బ్యాటరీ మైనస్ వైరు మొదట తీయాలి, చివర బిగించాలి. డైనమో వెనక లావు వైరులో బండి ఆపినా కరెంటు ఉంటుంది, మైనస్ తీయకుండా పానా పెడితే నిప్పులు రాలతాయి. బెల్టు తీసే ముందు ఏ పుల్లీ మీద ఎలా తిరిగిందో ఫోన్లో ఫొటో తీసుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పార్ట్ నంబరు, ఆంపియర్లు, పుల్లీ గాడులు మూడూ కలవాలి. ఒకసారి బిగించిన కరెంటు సామాను వెనక్కి తీసుకునే అమ్మకందారు దొరకడం కష్టం.

ఎఫ్‌డీ జోలికి పోవద్దు. 2,400 అయితే ఈ నెల జీతంలోంచే వెళ్తుంది. 6,500 అయితే రెండు నెలల సరదా ఖర్చులు ఆపండి. ముందు ముందు పెద్ద మొత్తం అవసరమై తీరితే, ఎఫ్‌డీని మధ్యలో తీసి పెనాల్టీ కట్టే బదులు దాని మీద బ్యాంకులో లోన్ అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఫుల్ పాలసీ ఉన్నా ఇలాంటి ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు క్లెయిమ్ రాదు. అయితే పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి. ఉంటే ఘాట్‌లో ఆగిన రోజు టోయింగ్ ఖర్చయినా తప్పేది.

ఇంకో మాట. ఇంత పాత కారుకు నెలకు 1,500 ఆర్డీ విడిగా ఉండాలి. డైనమో తర్వాత క్లచ్, ఆ తర్వాత టైర్లు, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. మీ ఇద్దరు స్నేహితులు ఇస్తున్నది పెట్రోలు వాటా మాత్రమే, అరుగుదల మొత్తం మీ నెత్తినే పడుతోంది. తలా మూడు వందలు ఎక్కువ అడగడానికి మొహమాటం వద్దు. బండి ఆగిన రాత్రి వాళ్లూ మీతోనే రోడ్డు మీద నిలబడి ఉంటారు కదా, ఒప్పుకుంటారు.

ఈ లోపు రాయచోటికి బస్సులో వెళ్లిరండి, ముఖ్యంగా చీకటి పడ్డాక ఘాట్ ఎక్కొద్దు. మీటర్ రీడింగ్ ఎంత వచ్చిందో నాకు రాయండి. అన్ని లైట్లూ వేసినా 14 దగ్గరే నిలబడితే పై లెక్కంతా కొట్టేసి మీ బ్యాటరీ వయసెంతో మాట్లాడుకుందాం.