టర్ఫ్ ఎంచుకునే ముందు గచ్చు వాటం చూడండి

పెరట్లో పాత సిమెంటు షటిల్ కోర్టు పగుళ్లిచ్చింది, దానిమీద ఆర్టిఫిషియల్ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) పరిస్తే సరిపోతుందా, పోగులు ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తున్నది తీసుకోవాలి అని అడిగారు. సరిపోదండీ. మిల్లీమీటర్ల సంగతి తర్వాత. ముందు ఆ గచ్చుమీద నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి. నేను అది చూడకుండా మొత్తం వేయించి, నాలుగు నెలలకే పీకించాను.

మాది నరసరావుపేట. ఇంటి వెనక కోర్టు నాన్న ఉద్యోగంలో ఉండగా పోయించారు. ఆయనకిప్పుడు 68. రోజూ ఐదున్నరకల్లా మరో ఐదుగురు రిటైరైనవాళ్లతో నైలాన్ షటిల్ ఆడతారు. ఇన్నేళ్లు సిమెంటుమీద ఆడి మోకాళ్లు నొప్పులంటుంటే, మెత్తగా ఉంటుందని టర్ఫ్ మాట ఎత్తింది నేనే. షాపులో 40 మిల్లీమీటర్ల ముక్క చేతికిచ్చారు. వేళ్లు మునిగేంత మెత్తగా ఉంది, అక్కడే ఒప్పేసుకున్నాను. మార్చిలో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి పాత గచ్చుమీదే గమ్ము రాసి, రెండు రోజుల్లో పరిచి వెళ్లిపోయారు. కొలత టేపు తెచ్చారు గానీ లెవెల్ పైపు తేలేదు. ఈ వ్యాపారంలో నాకు మహా కోపం తెప్పించేది ఇదే. గడ్డి గురించి గంటసేపు చెబుతారు, కింద ఏముందో ఒక్కరూ వంగి చూడరు.

జులైలో పెద్ద వాన పడింది. మర్నాడు ఎండ కాసింది, పైన పొడిగానే ఉంది. నాన్న నెట్టు దగ్గరికి ఒక్క అడుగు వేసేసరికి కింద పచక్‌మని నీళ్లు చిమ్మాయి. టర్ఫ్ బూటుతోపాటు జానెడు జారింది. ఆయన నెట్టు స్తంభం పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు టెన్షనే.

అతుకు దగ్గర అంచు పట్టి లేపాను. మురుగు వాసన గుప్పుమంది. గమ్ము విరిగిన పాలలా తెల్లగా ఉండలు కట్టి ఉంది. గచ్చు పగులులో నల్లటి నీళ్లు, అందులోంచి పైకి లేచిన వేప వేళ్లు, దారప్పోగుల్లా సన్నగా, ఎర్రగా. తూర్పున ఉన్న వేపచెట్టు వేళ్లే ఆ గచ్చును కింద నుంచి ఎత్తుతున్నాయి. టర్ఫ్ ఆ సంగతి నాలుగు నెలలు కనపడకుండా దాచిందంతే.

ఇల్లు కట్టిన తాపీ మేస్త్రినే పిలిపించాను. టర్ఫ్ అంతా చుట్టేయించి, నీళ్లు పోయించి, నిలిచిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాడు. మూడు మడుగులు. ఒకటి సరిగ్గా సర్వీసు చేసేచోట. "వాటం లేని గచ్చుమీద ఏం పరిచినా ఇంతే బాబూ" అన్నాడు.

కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. చుట్టూ 3 అడుగులు వదిలితే 50, 26. వంద అడుగులకు ఒక అడుగు వాటం (ఏటవాలు) అంటే 26 అడుగుల్లో సుమారు 3 అంగుళాలు. అది ఆడేవాళ్లకు తెలియదు, నీళ్లకు తెలుస్తుంది. చెట్టు కొట్టడానికి నాన్న ఒప్పుకోలేదు, నాకూ మనసు రాలేదు. వేరు పైకి లేపిన 4 అడుగుల గచ్చు పగలగొట్టి చెట్టుకు పాదు వదిలేశాం. కోర్టును ఆ మేరకు పడమటికి జరిపాం. పగుళ్లు వెడల్పు చేసి నింపి, పైన కొత్త కాంక్రీటు పోయించాం. తూర్పు అంచున అంగుళం మందం, పడమట 4 అంగుళాలు, మధ్యలో జాయింట్లు కోయించాం. ఇప్పుడు వాన నీళ్లు వేప పాదులోకే పోతాయి.

ఇక మీరడిగిన మిల్లీమీటర్లు. షటిల్‌కు 10 నుంచి 15, ఒత్తుగా నేసినది, అడుగున నీళ్లు దిగే రంధ్రాలున్నది చాలు. 40, 50 ఫుట్‌బాల్‌కు. షటిల్‌లో పాదం గిర్రున తిరగాలి, పొడుగు పోగులు బూటును పట్టుకుంటే మోకాలు మెలిపడుతుంది. పోగుల మధ్య సిలికా ఇసుక తప్పకుండా వేయించండి. పోగుల్ని నిలబెట్టేదీ, టర్ఫ్ ముడత పడకుండా బరువుగా ఉంచేదీ అదే. మాకు మొదటిసారి చారెడు కూడా వేయలేదు. పోగుల మధ్య పోసే నల్లటి రబ్బరు గుళికలు మాత్రం ఇంట్లో వద్దు. మైక్రోప్లాస్టిక్‌ల మీద 2023లో ఆంక్షలు తెచ్చిన యూరోపియన్ యూనియన్ అలాంటి గుళికల అమ్మకానికి ఎనిమిదేళ్ల గడువే ఇచ్చింది. పిల్లలు బాస్కెట్‌బాల్ కూడా ఆడతారంటే అసలు టర్ఫే వద్దు, బంతి లేవదు.

నేల మారితే ఆటే మారుతుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని మొదటిసారి కృత్రిమ పచ్చికమీద ఆడించినప్పుడు మనవాళ్లు ఏడో స్థానంలో ఆగిపోయారు. కారణాలు ఎన్ని చెప్పినా, నేల తేడా చిన్నదని నన్నెవరూ ఒప్పించలేరు. మా నాన్నకే కొత్త టర్ఫ్ కాలికి అలవాటు కావడానికి నెల పట్టింది.

ఎండ సంగతి షాపుల్లో ఎవరూ చెప్పరు. ఇది ప్లాస్టిక్. మా పల్నాడు ఎండలకు, మే నెల మధ్యాహ్నం అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టలేకపోయాను. నీళ్లు చల్లితే కాసేపే చల్లదనం. పిల్లల్ని చెప్పుల్లేకుండా పంపకండి.

అన్నట్టు, పడమర ప్రహరీ పక్కన 3 అడుగుల గచ్చు అమ్మ టర్ఫ్ లేకుండా వదిలించింది. మొదటిసారి ఆమెను అడగకుండా గోడదాకా పరిపించేశాను. ఆ వేసవి బూడిదగుమ్మడి వడియాలకు, పచ్చడి మిరపకాయలకు చోటు లేక మేడమెట్లు ఎక్కి దిగింది, తన నొప్పి మోకాళ్లతోనే. మీ గచ్చుమీద ఇంట్లోవాళ్లు ఏమేం ఎండబెట్టుకుంటున్నారో కొలతలిచ్చే ముందే అడగండి.