నిలిపి ఉంచిన మోటర్‌హోమ్‌కు నిమ్ము పట్టకుండా

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాము. రెండేళ్ల కిందట ఒక పాత మోటర్‌హోమ్ (పడక, వంటగది ఉన్న ఇంటిలాంటి బండి) కొన్నాము. వేసవిలో పిల్లలతో స్కాట్లండ్ దాకా తిరిగి వచ్చి, నవంబరు నుంచి మార్చి వరకు దానిని ఇంటి ముందే నిలిపి ఉంచుతాము. కిందటి చలికాలంలో చలిగాలి దూరకూడదని నేల దగ్గర, పైకప్పులో ఉన్న గాలి జాలీలన్నింటినీ టేపుతో మూసి, ప్రతి ఆదివారం రెండు గంటలసేపు చిన్న గ్యాస్ హీటర్‌ను లోపల పెట్టి వెలిగించాము. అయినా ఫిబ్రవరిలో పరుపు ఎత్తి చూస్తే కింది చెక్క నిండా నల్లటి బూజు చుక్కలు కనిపించాయి. ఈసారి పెద్ద హీటర్ కొనాలా?
— ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: వద్దమ్మా. మీ బండిని పాడుచేసింది చలి కాదు, లోపల చిక్కుకుపోయిన తేమ. ఎండాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టడం మనందరికీ తెలిసినదే. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 5 గ్రాములు కూడా ఇమడదు. ఆదివారం మీరు వేడెక్కించిన గాలి పరుపులో, కర్టెన్లలో ఉన్న తడిని పీల్చుకుని, హీటర్ ఆపిన కాసేపటికే చల్లబడి, ఆ నీటిని అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట, అంటే కిటికీ అద్దాల మీద, గాలి ఆడని పరుపు అడుగున వదిలిపెట్టింది. పైగా గ్యాస్ మండినప్పుడు కూడా నీరు పుడుతుంది. కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. పొగగొట్టం లేని హీటర్ అయితే అదంతా బండిలోనే మిగిలిపోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. జాలీలు మూసిన బండిలో అలాంటి హీటర్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణాలే పోవచ్చు, ఆ వాయువుకు వాసన కూడా ఉండదు. ఆ టేపు ఇంకా ఉంటే దయచేసి ఈ రోజే తీసివేయండి, ఆ హీటర్‌ను మళ్లీ లోపలికి తీసుకువెళ్లకండి.

ఇక చేయవలసిన పనుల్లో మొదటిది నీళ్లు పూర్తిగా వదిలేయడం. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి కొళాయిలను, పంపును పగలగొడుతుంది. మంచినీటి తొట్టి, వాడిన నీటి తొట్టి, బాయిలర్, టాయిలెట్ ఫ్లష్ అన్నీ ఖాళీ చేసి, షవర్ గొట్టాన్ని కిందికి దించి, కొళాయి పిడిని పైకెత్తి సరిగ్గా మధ్యలో ఉంచండి. వేడినీటి వైపో చన్నీటి వైపో తిప్పి ఉంచితే రెండో గొట్టంలో నీరు నిలిచిపోతుంది. సుమారు 3 డిగ్రీల దగ్గర తనంతట తానే తెరుచుకునే కవాటం కొన్ని బండ్లలో ఉంటుంది కానీ, అది బాయిలర్‌ను కాపాడుతుందే తప్ప కొళాయిలను కాపాడదు.

పరుపులు, దిండ్లు ఇంట్లోకి తెచ్చుకోండి, చోటు లేకపోతే గోడలకు తగలకుండా నిలబెట్టండి. అల్మారాల తలుపులు, ఫ్రిజ్ తలుపు ఓరగా తెరిచి ఉంచండి. బండి మీద ప్లాస్టిక్ పట్టా మాత్రం కప్పవద్దు, గాలి ఆడే కవరే వేయాలి.

ఇంటి నుంచి కరెంటు అందుతుంది కనుక, థర్మోస్టాట్ ఉన్న చిన్న ఆయిల్ రేడియేటర్‌ను 5 డిగ్రీల దగ్గర పెట్టి వదిలేయడం, వారానికొకసారి మంట పెట్టడం కన్నా ఎంతో మేలు. కరెంటు తీగను చుట్టగా ఉంచకుండా పూర్తిగా విప్పి పరచండి, చుట్టలో వేడి పుడుతుంది. డీహ్యూమిడిఫైయర్ (గాలిలోని తేమను లాగే యంత్రం) కొనదలిస్తే, తేమను పీల్చుకునే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకమే కొనండి. ఫ్రిజ్‌లాగా గాలిని చల్లబరిచి నీటిని తీసే కంప్రెసర్ రకం చలిలో సరిగా పనిచేయదు.

ఇన్ని చేసినా బూజు ఒకే మూల మళ్లీ కనిపిస్తే అది లోపలి ఆవిరి కాదు, బయటి వాన. పాత బండ్లలో పైకప్పు కిటికీ అంచులు, గోడల అతుకులు ముందుగా విచ్చుకుంటాయి. తేమ కొలిచే మీటరు ఆ చోట 20 శాతం దాటితే మరమ్మతుకు ఇవ్వండి, వసంతం దాకా ఆగవద్దు.

ప్రశ్న: మాది అమెరికాలోని మిన్నెసోటా. చలికాలంలో గడ్డకట్టకుండా ఆర్‌వీ (మోటర్‌హోమ్ వంటి బండి) గొట్టాల్లో పోసే గులాబీ రంగు ద్రవానికి బదులు కారు యాంటీఫ్రీజ్ వాడవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. కార్లలో పోసేది సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్, అది విషం. మంచినీటి గొట్టాలకని అమ్మే గులాబీ రంగు ద్రవంలో సాధారణంగా ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్. ముందు బాయిలర్‌ను ఖాళీ చేసి, నీటిని బాయిలర్‌లోకి పోనివ్వకుండా పక్కకు మళ్లించే బైపాస్ కవాటం తిప్పండి, లేకపోతే ద్రవమంతా ఆ తొట్టిలోకే పోతుంది. తరువాత పంపు నడిపి, ఒక్కొక్క కొళాయిని, వేడినీటి వైపు, చన్నీటి వైపు, గులాబీ రంగు కనిపించేదాకా తెరవండి. సింకు, షవర్ నీళ్లు పోయే రంధ్రాల్లో కూడా ఒక్కొక్క కప్పు పోయండి. వసంతంలో రంగు, నురగ పూర్తిగా పోయేవరకు మంచినీటితో కడిగిన తరువాతనే ఆ నీరు తాగాలి.