రాండాల్ఫ్ వంశంలో జెఫర్సన్, మార్షల్ ఒకరికొకరు ఏమవుతారు?

మీరు అడిగింది ఇది: వర్జీనియా రాండాల్ఫ్ కుటుంబం గురించి చదువుతుంటే ప్రతి తరంలోనూ విలియమ్, జాన్, థామస్ అనే పేర్లే వస్తున్నాయి, ఎవరు ఎవరో అర్థం కావడం లేదు, అమెరికా మూడో ప్రెసిడెంట్ థామస్ జెఫర్సన్, సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ నిజంగా బంధువులేనా అని.

బంధువులే. మన లెక్కలో అయితే చాలా దగ్గర వరసే. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

మేం రిచ్‌మండ్ దగ్గర ఉంటాం. స్కూల్లో వర్జీనియా చరిత్ర ప్రాజెక్టుకి మా అమ్మాయి ఈ కుటుంబాన్ని ఎంచుకుంది. చార్టు గీసే పని నాది. ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని నమ్మి మొదలుపెట్టాను. అందులో తండ్రి విలియమ్‌నీ, కొడుకు విలియమ్‌నీ కలిపి ఒకే మనిషిని చేసేశారు. తండ్రి పోయింది 1711లో, కొడుకు పోయింది 1741లో. ఆ తప్పు పట్టుకునేసరికి రెండు వారాలు పోయాయి. అప్పటి నుంచి ఏ పేరు రాసినా పక్కన ఊరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం రాస్తున్నాను. వాళ్లకి ఎస్టేటు పేరే మన ఇంటిపేరు లాంటిది. టర్కీ ఐలండ్ విలియమ్ (కొడుకు విలియమ్), టకాహో థామస్, డంజనెస్ ఐషమ్, కర్ల్స్ రిచర్డ్, విలియమ్స్‌బర్గ్ సర్ జాన్. వీళ్లంతా అన్నదమ్ములు. 1650లో ఇంగ్లండులో పుట్టి, జేమ్స్ నది ఒడ్డున టర్కీ ఐలండ్‌లో స్థిరపడిన మొదటి విలియమ్‌కీ, మేరీ ఐషమ్‌కీ పుట్టిన పిల్లలు.

ఇక వరసల సంగతి. మా అమ్మ అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. డైనింగ్ టేబుల్ మీద పరిచిన చార్టుని కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఆడపిల్లలేరీ? ఇంతమందికి ఒక్క ఆడపిల్లా పుట్టలేదా?" అంది. నేను తాత, తండ్రి, కొడుకు అంటూ లాయర్లనీ శాసనసభ్యులనీ మాత్రమే దించాను. ఆడవాళ్లని వదిలేశాను. జెఫర్సన్, మార్షల్ ఇద్దరూ రాండాల్ఫులతో కలిసేది తల్లుల వైపు నుంచే. ఇక నా చార్టులో వాళ్లు ఎక్కడ దొరుకుతారు!

ఆ రాత్రి ఆడవాళ్ల పేర్లు రాశాను. థామస్ కూతురు మేరీ, ఐషమ్ కూతురు జేన్. అన్నదమ్ముల పిల్లలు కాబట్టి అక్కచెల్లెళ్లు. మేరీ కూతురి పేరూ మేరీనే, మేరీ కీత్. జేన్ కొడుకు జెఫర్సన్. అక్కచెల్లెళ్ల పిల్లలు కాబట్టి మేరీ కీత్ జెఫర్సన్‌కి అక్క వరస. ఆవిడ కొడుకే జాన్ మార్షల్. "అక్క కొడుకంటే మేనల్లుడేగా" అని అమ్మ రెండు నిమిషాల్లో తేల్చేసింది. ఇంగ్లీషులో దీన్ని "సెకండ్ కజిన్ వన్స్ రిమూవ్డ్" అంటారు. అది నేను ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు.

అలా వరసలు పెట్టుకుని 1807లో రిచ్‌మండ్‌లో మాజీ వైస్ ప్రెసిడెంట్ ఆరన్ బర్ మీద జరిగిన రాజద్రోహం కేసు చదవండి. జడ్జి మార్షల్. బర్ తరఫు లాయర్లలో ఒకరు ఎడ్మండ్ రాండాల్ఫ్, సర్ జాన్ మనవడు. నేరం మోపాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీకి పెద్ద రోనోక్ జాన్ రాండాల్ఫ్, కర్ల్స్ రిచర్డ్ మనవడు. బర్‌కి శిక్ష పడాలని వాషింగ్టన్ నుంచి పట్టుబట్టిన ప్రెసిడెంట్ జెఫర్సన్. ఎడ్మండ్‌కి జెఫర్సన్ వరసకి మేనత్త కొడుకు, అంటే బావ. మార్షల్ ఎడ్మండ్ కంటే రెండేళ్లే చిన్న, అయినా కొడుకు వరస. నలుగురూ మొదటి విలియమ్ సంతతే. మేనమామకీ మేనల్లుడికీ అసలు పడేది కాదు. చివరికి బర్ నిర్దోషిగా బయటపడ్డాడు.

పదవులు కూడా ఇంట్లోనే తిరిగాయి. వర్జీనియా శాసనసభకి మొదటి విలియమ్, కొడుకు సర్ జాన్, మనవడు పేటన్ ముగ్గురూ స్పీకర్లే. విలియమ్, మనవడు పేటన్, పేటన్ తమ్ముడు జాన్, మునిమనవడు ఎడ్మండ్ నలుగురూ వర్జీనియాలో అటార్నీ జనరల్స్. ఎడ్మండ్ 1789లో అమెరికా దేశానికే మొదటి అటార్నీ జనరల్ అయ్యాడు.

నన్ను బాగా కదిలించింది మాత్రం సర్ జాన్ ఇల్లు. కొడుకుల్లో పేటన్ 1774లో ఫిలడెల్ఫియాలో మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్‌కి, అంటే బ్రిటిష్ వలసల ప్రతినిధుల సభకి అధ్యక్షుడయ్యాడు. తమ్ముడు జాన్ బ్రిటిష్ రాజు పక్షాన నిలబడి 1775లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. తమ్ముడి కొడుకు ఎడ్మండ్ మాత్రం తండ్రితో వెళ్లలేదు, జార్జ్ వాషింగ్టన్ సైన్యంలో చేరాడు. పేటన్ అదే ఏడాది ఫిలడెల్ఫియాలో పోయాడు, పిల్లలు లేరు. మరుసటి ఏడాది అతని శవపేటికని సొంత ఊరు విలియమ్స్‌బర్గ్‌కి తీసుకొచ్చింది ఎడ్మండే. 1784లో ఇంగ్లండులో పోయిన జాన్‌ని కూడా అక్కడికే తెచ్చారు. ఇప్పుడు తండ్రీ కొడుకులు ముగ్గురూ విలియమ్ అండ్ మేరీ కాలేజీ చాపెల్ కింద ఉన్నారు. అక్కడ నిలబడితే నాకు మాట రాలేదు.

మీరు మూలపత్రాలు చూడాలనుకుంటే వీలునామాలు, ఆస్తి జాబితాల దగ్గర మొదలుపెట్టండి. పెళ్లయిన ఆడపిల్లలు దొరికేది వాటిలోనే. కానీ పేటన్ ఆస్తి జాబితాని మనసు గట్టి చేసుకుని చదవాలి. ఇంటి సామాను లెక్కతోపాటు అక్కడ బానిసలుగా ఉంచిన మనుషుల పేర్లు కూడా ఉంటాయి, ఒక్కొక్కరికీ వెల కట్టి. ఈవ్ అనే ఆవిడ పేరు చదివి మా అమ్మాయి, "ఈమెని చార్టులో ఎక్కడ రాయాలి నాన్నా?" అని అడిగింది. వాళ్ల కోసం వేరే కాగితం అంటించాం. ఈవ్ కొడుకు జార్జ్ పేరూ అందులో రాశాం. ఆ కుటుంబాల వారసులు ఈరోజు తమ వాళ్లని వెతుక్కోవాలంటే ఇలాంటి జాబితాలే గతి. అందుకే కనిపించిన ప్రతి పేరూ రాసి పెట్టుకోండి.

మీరు ఏ కొమ్మ దగ్గర ఆగిపోయారో కింద రాయండి. టకాహో కొమ్మ అయితే మేం ఆడవాళ్లతో సహా పూర్తిగా గీశాం, ఫోటో తీసి పెడతాను.